రొయ్య పొట్టు మధ్యాహ్నందాకా ఆగదు

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడినవారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్. అంతకుముందు కొన్నేళ్ళు రొయ్యల ప్లాంటు ల్యాబ్‌లో పనిచేశారు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఈ ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, అదొక్కటి ఆపేస్తే... ఆ, చాలు.

మాటల్లోకి దిగేముందు ఒక పని చేసి పెట్టాలి. లేకపోతే చివర్లో మీకు చూపించడానికి ఏమీ మిగలదు. ఈ బల్ల మీద నాలుగు గాజు గ్లాసులున్నాయి. నాలుగింటిలోనూ ఎర్రమట్టి కలిపిన నీళ్ళే. మట్టి మా పెరట్లోది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వి తెచ్చాననుకునేరు, అంత ధైర్యం నాకు లేదు. మొదటి గ్లాసులో ఏమీ వెయ్యను. రెండోదాంట్లో చిల్లగింజని, అంటే బురద నీళ్ళు తేర్చడానికి వాడే గింజని, సాన మీద అరగదీసిన గంధం వేస్తున్నాను. మూడోదాంట్లో ఈ చిన్న సీసాలోది అయిదు చుక్కలు. బాబూ, నువ్వొకసారి ఇలా రా. ఏ క్లాసు? తొమ్మిదా. ఈ నాలుగో గ్లాసులో అదే సీసాలోంచి నీకు నచ్చినంత పొయ్యి. మొహమాటపడకు. సగం సీసా పోశావా! మంచిది. అన్నీ స్పూనుతో ఒకసారి తిప్పేసి వెళ్ళి కూర్చో.

సీసాలో ఏముందో వాసన చూసి చెప్పాడు, వెనిగర్ అని. సగం సరిగ్గా చెప్పాడు. మిగతా సగం రొయ్య.

ఇక నా విషయం, వ్యర్థాల నుంచి పాలిమర్లు తియ్యడం. పేరులోనే పాలిమర్ అనే మాట ఉంది. ఈ ఊళ్ళో ఆ మాట పలికితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది 2020 మే 7 తెల్లవారుజాము, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాసు లీకైన రోజు. ఆ ఫ్యాక్టరీ పక్కనున్న వెంకటాపురం వాళ్ళు ఈ సభలో ఉండొచ్చు. ఆ రోజు ట్యాంకులోంచి బయటికొచ్చింది స్టైరీన్ ఆవిరి. పాలిమర్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు అంతకంటే చేదు ఉదాహరణ లేదు, అయినా చెప్తాను. స్టైరీన్ విడి మొగ్గ. మొగ్గ పక్కన మొగ్గ గుచ్చుకుంటూ పోతే వచ్చే దండ పాలిస్టైరీన్, అంటే మన థర్మోకోల్. ఆ మొగ్గల్ని చల్లగా ఉంచాలి, గుచ్చుకోకుండా ఆపే మందు కలిపి ఉంచాలి. వేడెక్కితే వాటంతట అవే గుచ్చుకోవడం మొదలుపెడతాయి. అలా గుచ్చుకునేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా గుచ్చుకుంటాయి, మిగిలిన ద్రవం మరిగి ఆవిరైపోతుంది. అంతకంటే ఈ విషయం మీద ఇవాళ మాట్లాడను.

అయితే పాలిమర్ అంటే ఫ్యాక్టరీలో పుట్టేదే అనుకోవద్దు. మనం కట్టుకునే నూలు పాలిమర్, చీరకి పెట్టే గంజి పాలిమర్. ఏటికొప్పాక బొమ్మకి ఆ మెరుపునిచ్చే లక్క ఒక పురుగు తయారుచేసిన పాలిమర్. గింజలో, తొక్కలో, పిప్పిలో, పెంకులో దండలు ముందే గుచ్చి ఉన్నాయి. మనం చెయ్యాల్సిన పనల్లా ఆ దండ తెగకుండా బయటికి తీసుకోవడం. అదెందుకు కుదరట్లేదో చెప్పడానికే ఇవాళ వచ్చాను. కెమిస్ట్రీ తెలియక కాదు. కెమిస్ట్రీ తెలిసి రెండొందల ఏళ్ళయింది. 1811లో బ్రాకొనో అనే ఫ్రెంచి ఆయన పుట్టగొడుగుల్లోంచి ఒక మొండి పదార్థం తీశాడు. 1823లో ఓడియే అనే ఇంకొకాయన పురుగుల రెక్కల పెంకులో అదే చూసి కైటిన్ అని పేరు పెట్టాడు. 1859లో దాన్ని గాఢమైన క్షారంలో ఉడికిస్తే పుల్లటి నీళ్ళలో కరిగే పదార్థంగా మారుతుందని రూజే కనిపెట్టాడు. ఇప్పుడు దాన్నే కైటోసాన్ అంటున్నాం. ఆ సీసాలో వెనిగర్‌లో కరిగి ఉన్నది అదే.

నేను చదువయ్యాక మొదట చేరింది ఒక రొయ్యల ప్లాంటు ల్యాబ్‌లో. పేరొద్దు, అప్పట్లో అన్ని ప్లాంట్లూ ఇంచుమించు ఒక్కలాగే ఉండేవి. తెల్లవారకుండానే భీమవరం వైపు నుంచి ఐసు పోసిన లారీలు వచ్చేవి. పొడుగాటి స్టీలు బల్లలు, అటూ ఇటూ ఆడవాళ్ళు, కాళ్ళకి గంబూట్లు, తలకి టోపీ. అప్పుడు టైగర్ రొయ్య. 2009 తర్వాత వెనామీ అనే ఇంకో రకం వచ్చి మొత్తం మారిపోయిందనుకోండి. చెయ్యి తిరిగిన మనిషి రొయ్య పట్టుకుని బొటనవేలు తల కింద పెట్టి ఒక్క తిప్పు తిప్పితే తలకాయ ఊడి కింద క్రేటులో పడేది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది, టప్ టప్ టప్ అని, వానలాగా.

రొయ్య తల, పొట్టు కలిపితే బరువులో నలభై శాతం పైనే. అంటే పది టన్నుల రొయ్య లోపలికొస్తే నాలుగు టన్నులు వెనక గుమ్మం నుంచి బయటికి పోతుంది. లోపలికొచ్చిన రొయ్యకి ఐసు, క్లోరిన్ నీళ్ళు, గంట గంటకీ టెంపరేచర్ రాసుకునే రిజిస్టరు. వెనక గుమ్మం నుంచి పోయేదానికి నీలం డ్రమ్ము. ఆ డ్రమ్ములో తలకాయలతోపాటు ఏమేం పడేవో చెప్తాను. చిరిగిన గ్లౌజులు, థర్మోకోల్ ముక్కలు, రబ్బరు బ్యాండ్లు, టీ కప్పులు, నేల కడిగిన నీళ్ళు. ట్రాక్టరు ఎప్పుడొస్తే అప్పుడు. డ్రైవరు భోజనం చేసి వచ్చేసరికి మూడవుతుంది.

ఆ మధ్యలో డ్రమ్ములో ఏం జరుగుతుందో చూద్దాం. రొయ్య తలలోనే దాని కాలేయం ఉంటుంది, జీర్ణరసాలన్నీ ఉంటాయి. రొయ్య చచ్చిపోయిందని ఆ రసాలకి తెలీదు. తిండి అరిగించడం మొదలుపెడతాయి, దొరికిన తిండి రొయ్యే. దానికి తోడు బ్యాక్టీరియా. మే నెలలో మన ఊరి ఉక్కలో, మూత పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో, గంట గంటకీ తేడా కనిపించేది. ముందు నల్లబడుతుంది. తర్వాత మెత్తబడుతుంది. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తెప్పించే అమోనియా వాసన. కుళ్ళులో కైటిన్‌ని తినే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి, అవి గొలుసుని ఎక్కడికక్కడ తెగ్గొడతాయి. తెగిన దండతో పాలిమర్ చేసే పని జరగదు. కైటోసాన్ కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న చిక్కదనం ఎంత అని. ఆ చిక్కదనం గొలుసు పొడవు మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే నా మాట ఒక్కటే. వ్యర్థం నుంచి విలువ అనే పని రియాక్టరు దగ్గర మొదలవదు, స్టీలు బల్ల కింద క్రేటు దగ్గర మొదలవుతుంది. తలకాయలకొక క్రేటు, పొట్టుకొక క్రేటు, మీద గుప్పెడు ఐసు, గంటలో కడగడం, ఆ పూటే ఎండబెట్టడం గానీ యాసిడ్‌లో వెయ్యడం గానీ. అంత చేస్తే అది సరుకు. చెయ్యకపోతే మధ్యాహ్నానికి చెత్త. ఎంత గొప్ప యంత్రం తెచ్చినా సాయంత్రం దాన్ని మళ్ళీ సరుకుగా మార్చలేదు.

ఇలా అంటే నా స్టూడెంట్లు నవ్వేవాళ్ళు, మేడం క్రేటు గురించి పీహెచ్‌డీ చేయిస్తారని. అయితే పొందూరు సంగతి వినండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ నేస్తారు కదా. అక్కడ ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చిన్న చిన్న పళ్ళు వరసగా ఉన్న ఆ దవడ ఎముకే వాళ్ళకి దువ్వెన. దాన్ని మించిన పనిముట్టు దొరకలేదంటారు. చేప తిన్నాక దవడ ఎవరికైనా చెత్తే. కానీ అది కావాలనే మనిషి ఉన్నాడు, ఏ చేపది కావాలో తెలుసు, అందుకని ఎవరో దాన్ని విడిగా తీసి పెడతారు. పొందూరు వాళ్ళకి రీసైక్లింగ్ అనే మాటతో పని పడలేదు.

సరే, శుభ్రమైన పొట్టు చేతికొచ్చిందనుకుందాం. ఎండిన పొట్టులో స్థూలంగా మూడున్నాయి. సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్. మాంసకృత్తులు. కైటిన్. సున్నం పోవడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్. మాంసకృత్తులు పోవడానికి పలచటి కాస్టిక్ సోడా, వేడిగా. మిగిలింది కైటిన్. దాన్ని నలభై, యాభై శాతం కాస్టిక్‌లో నూరు డిగ్రీల పైన ఉడికిస్తే కైటోసాన్. పుస్తకంలో నాలుగు లైన్లు. ఇంట్లో చూడాలంటే కోడిగుడ్డు పెంకు నిమ్మరసంలో వెయ్యండి, సున్నం ఎలా పొంగుతుందో కనిపిస్తుంది.

ఆ పొంగు నా ఉద్యోగానికే ఎసరు తెచ్చేది. కొత్తలో, ఉత్సాహం ఎక్కువ. పొట్టులోంచి కైటిన్ తీస్తానని మేనేజరు గారిని బతిమాలి, వెనక షెడ్డులో ఒక రెండొందల లీటర్ల టబ్బు సంపాదించాను. ల్యాబ్‌లో బీకరులో వంద గ్రాములతో చేసి చూశాను, ముచ్చటగా వచ్చింది. సరే, టబ్బులో ఇరవై కిలోలు వేసి యాసిడ్ ఒక్కసారిగా పోయించేశాను. పొట్టులో సున్నం ఉంది, గ్యాసు వస్తుందని తెలుసు. కానీ మాంసకృత్తులు కూడా ఉన్నాయి కదా, అవి సబ్బులాగా నురగ కడతాయి. రెండు నిమిషాల్లో గులాబీ రంగు నురగ టబ్బు దాటి, షెడ్డు దాటి, మెట్ల మీదికి వచ్చేసింది. ఆ మెట్ల మీద మేనేజరు గారి బూట్లున్నాయి. ఆయన వచ్చి నురగని, నన్ను చూసి, 'ఏమ్మా, పెళ్ళి చేసుకోవా' అన్నారు. పెళ్ళి చేసుకుంటే ఈ పిచ్చి పనులు మానేస్తానని ఆయన ఆశ. యాసిడ్ కొంచెం కొంచెంగా, కలుపుతూ పోయాలని ఆ రోజు నేర్చుకున్నాను. నా మాట మీద యాసిడ్ పోసిన పనాయన కాలి మీద రెండు చుక్కలు పడి బొబ్బలెక్కాయి కూడా. అది నవ్వుకునే విషయం కాదు. ఆయనకి గంబూట్లు ఇప్పించకుండా ఆ పని పెట్టింది నేను.

ఇప్పుడొక లెక్క చూద్దాం, కాగితం తియ్యనక్కర్లేదు. నూరు గ్రాముల సున్నం కరగాలంటే డెబ్బయిమూడు గ్రాముల అసలు యాసిడ్ కావాలి. ఇది ప్రకృతి పెట్టిన రేటు, బేరం లేదు. బజార్లో దొరికే ముప్పై మూడు శాతం యాసిడ్ లెక్కన కిలో సున్నానికి ఇంచుమించు రెండు లీటర్లు. అదంతా కాల్షియం క్లోరైడ్ నీళ్ళుగా బయటికొస్తుంది. తర్వాత కాస్టిక్ నీళ్ళు, అందులో కరిగిన మాంసకృత్తులు. ఒక్కో మెట్టు తర్వాత పీహెచ్ ఏడుకొచ్చేదాకా, అంటే యాసిడ్ గుణం గానీ క్షార గుణం గానీ మిగలకుండా, కడగాలి, కడిగిన నీళ్ళకి లెక్కే లేదు. ఇంతా చేస్తే వంద కిలోల పచ్చి తలకాయలు, పొట్టు నుంచి కైటిన్ నాలుగైదు కిలోలు దాటడం కష్టం. కైటోసాన్ ఇంకా తక్కువ.

అంటే ఆ నీళ్ళు గెడ్డలోకి వదిలేసేవాడు చెత్తని తగ్గించినట్టా పెంచినట్టా? పెంచినట్టే, నా దృష్టిలో. ఘన వ్యర్థాన్ని ద్రవ వ్యర్థం చేసి, మధ్యలో నాలుగు కిలోలు అమ్ముకున్నాడు, అంతే. మన ఊళ్ళో ప్రతి గెడ్డా చివరికి సముద్రంలోకే పోతుంది, ఆ సముద్రంలోంచే మళ్ళీ చేప తెచ్చుకుంటాం. కైటోసాన్ యూనిట్ పెడతామని సలహాకి వచ్చే కుర్రాళ్ళని నేను మొదట అడిగేది కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి అని. దానికి జవాబు లేకపోతే టీ ఇచ్చి పంపేస్తాను.

దీనికి ఇంకో దారి ఉంది, నాకు ఇష్టమైన దారి. పెరుగు దారి. పాలని తోడు పెడితే ఏం జరుగుతుంది? లాక్టిక్ బ్యాక్టీరియా తీపిని తిని పులుపు చేస్తుంది. తాజా రొయ్య పొట్టులో కొంచెం తీపి కలిపి, ఆ బ్యాక్టీరియాని తోడు వేసి, గాలి తగలకుండా మూసిపెడితే, ఆ పులుపే సున్నాన్ని కొంత కరిగిస్తుంది. రొయ్య సొంత జీర్ణరసాలే మాంసకృత్తుల్ని విడదీస్తాయి. ఇందాక మనకి శత్రువులైన రసాలే ఇప్పుడు కూలి లేకుండా పనిచేస్తాయి. పులుపు వల్ల కుళ్ళు బ్యాక్టీరియా లేవదు. పైన తేరిన ద్రవం చేపల మేతకి, కోళ్ళ మేతకి పనికొస్తుంది, అందులో ఆ ఎర్ర రంగు కూడా ఉంటుంది. అస్టాజాంతిన్ అంటారు, రొయ్యని ఉడికిస్తే ఎర్రబడేది దానివల్లే. చివర్లో శుభ్రం చెయ్యడానికి యాసిడ్, కాస్టిక్ కావాలి కానీ చాలా తక్కువ. దీనికి రోజులు పడుతుంది, ప్రతిసారీ ఒకేలా రాదు, అవి దీని కష్టాలు. తీపి ఎక్కడిది అంటారా? అనకాపల్లిలో రేటు పలకని నల్లబెల్లం ఉంది. నల్లబెల్లం మాటెత్తితే ముందు సారా, వెనకే పోలీసులు గుర్తొస్తారు, అందుకని మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డి, అందాం.

అనకాపల్లి పేరెత్తాను కాబట్టి చెరకు పిప్పి సంగతి. సెల్యులోజ్ నలభై శాతం పైన ఉంటుంది, మంచి పాలిమర్, ప్లేట్లు చేస్తున్నారు. కానీ బెల్లం వండే రైతు దగ్గరికి వెళ్ళి మీ వ్యర్థం ఇవ్వండి అని అడిగితే నవ్వుతాడు. ఆ పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో వేసే రసం కాస్తాడు. పిప్పి తీసుకుపోతే కట్టెలు ఎవరిస్తారు? ప్రతి దాన్నీ వ్యర్థం అనేసే అలవాటు చదువుకున్నవాళ్ళకి ఎక్కువ. ఇంకో సంగతి, బెల్లం వండేటప్పుడు మడ్డి తెట్టెగా తేలడానికి కొన్నిచోట్ల బెండకాడల జిగురు పోస్తారు. అదీ పాలిమరే. ఆ గ్లాసుల్లో జరుగుతున్నదీ దాని అన్నదమ్ముల పనే.

మామిడి మీద గంట మాట్లాడగలను, అయిదు నిమిషాలే తీసుకుంటాను. మన పక్కన భీమాలి తాండ్ర ఉంది, కృష్ణా, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. పండు బరువులో తొక్క, టెంక కలిపి మూడో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. తొక్కలో పెక్టిన్ ఉంది. జామ్‌ని జామ్‌లా నిలబెట్టేది అదే. దాన్నీ ఇందాకటి బ్రాకొనోయే 1825లో కనిపెట్టాడు. ప్రపంచంలో అమ్మే పెక్టిన్‌లో ఎక్కువ భాగం నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచి వస్తోంది. మామిడి తొక్క ఎందుకు లేదు? మళ్ళీ అదే క్రేటు సంగతి. పండు మెత్తబడటం అంటేనే దాని ఎంజైములు పెక్టిన్‌ని కోస్తున్నాయని అర్థం. తొక్క వలిచాక ఆ కోత ఆగదు, ఇంకా జోరందుకుంటుంది. వెంటనే ఆవిరి పట్టి ఎంజైముల్ని చంపి, ఎండబెట్టాలి. ఆ తర్వాత ఆరు నెలలు గోతాంలో పెట్టుకుని తీరిగ్గా పెక్టిన్ తీసుకోవచ్చు. మామిడి సీజను రెండు మూడు నెలలు. ఆ రెండు నెలలూ ఆవిరికి, ఎండబెట్టడానికి ఖర్చు పెట్టేవాడే కావాలి. నిమ్మరసం ఫ్యాక్టరీలు అది చేశాయి.

చింతపిక్క మాత్రం దేవుడిచ్చిన సరుకు. అది కుళ్ళదు. పెంకు గట్టిది, ఏడాది పడేసినా చెక్కుచెదరదు, పురుగు పట్టకుండా చూసుకుంటే చాలు. వామనగుంటలు ఆడినవాళ్ళకి, వేయించి నానబెట్టుకుని నమిలినవాళ్ళకి ఆ గట్టితనం తెలుసు. లోపలి పప్పులో సగానికి పైగా జైలోగ్లూకాన్ అనే పాలిమర్. ఆ పొడి వేడి నీళ్ళలో గంజిలా చిక్కబడుతుంది. నేతలో పడుగు నూలుకి గంజి పెట్టడానికి, జనపనార మిల్లులకి ఎప్పటి నుంచో వాడకం ఉంది. బాగా శుద్ధి చేసింది కంటి చుక్కల మందుల్లో కూడా వేస్తారు, కన్ను ఆరిపోకుండా. పాడేరు, అరకు నుంచి చింతపండు కొనే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. తపసి బంక కూడా వాళ్ళు కొంటారు, అదీ పాలిమరే. పిక్క తీసిన చింతపండుకి రేటెక్కువ కాబట్టి పిక్క కొండ మీద ఇంట్లోనే విడిపోతోంది. అంటే క్రేటు సమస్య అక్కడి ఆడవాళ్ళు ఎప్పుడో తీర్చేశారు. మిల్లు ఒక్కటే దగ్గర్లో ఉండాలి.

ఈ పాటికి ప్రశ్నలు చీటీల మీద వచ్చేశాయి. చదువుతాను.

'రొయ్య పొట్టుతో క్యారీ బ్యాగులు చెయ్యొచ్చా?' ఇది ప్రతి సభలోనూ వస్తుంది. 2022 జులై 1 నుంచి దేశంలో కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు కదా, అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. కైటోసాన్ ఫిల్మ్ చెయ్యొచ్చు, పారదర్శకంగా అందంగా ఉంటుంది. కానీ నీళ్ళు పీలుస్తుంది, ఎండితే పెళుసు. దాంట్లో కూరగాయలు తెచ్చుకుంటే వంకాయలు దారిలో రాలిపోతాయి. రూపాయి సంచి పనికి ఇంత కష్టపడి తీసిన పదార్థాన్ని వాడటం నాకు నచ్చదు. దానికే చేతనైన పనులున్నాయి. గాయం మీద పెడితే రక్తం గడ్డకట్టించే కట్లు దీనితో చేస్తారు, అమెరికా సైన్యం వాడింది. పండు మీద పలచటి పూతగా వేస్తే నిలవ పెరుగుతుంది. విత్తనానికి పట్టిస్తే మొక్క తెగుళ్ళని తట్టుకోవడానికి సాయపడుతుంది. నీళ్ళు తేర్చడం మీ కళ్ళ ముందే జరుగుతోంది.

'పొట్టు నేరుగా కొబ్బరి చెట్టుకి వెయ్యొచ్చా?' వెయ్యొచ్చండి. సున్నం, నత్రజని రెండూ ఉన్నాయి. కైటిన్ మట్టిలో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి, నులిపురుగుల గుడ్ల మీద కూడా కైటిన్ పొర ఉంటుంది కాబట్టి అవి వాటినీ పట్టుకుంటాయి. ఉప్పు పోయేలా కడిగి, గొయ్యి తీసి మట్టి కప్పండి. పైన చల్లితే కుక్కలూ ఈగలూ, తర్వాత పక్కింటివాళ్ళూ వస్తారు. యూనిట్ పెట్టే స్తోమత లేని చోట నా సలహా ఇదే.

'శాకాహారులు వాడొచ్చా?' మంచి ప్రశ్న. కైటోసాన్ బూజు నుంచి కూడా తీస్తారు. సిట్రిక్ యాసిడ్‌ని నల్లబూజుతో తయారుచేస్తారు, పనయ్యాక ఆ బూజు ముద్దలు ఫ్యాక్టరీకి వ్యర్థం. దాని గోడల్లో కైటిన్ ఉంటుంది. బ్రాకొనో పుట్టగొడుగుల దగ్గరికే మళ్ళీ వచ్చామన్నమాట.

ఈ చీటీ మీద ప్రశ్న లేదు. 'నేను పీలింగ్‌కి వెళ్తాను' అని మాత్రమే ఉంది, అంటే ప్లాంటులో రొయ్యలు వలిచే పనికి. ఎవరమ్మా? లేవక్కర్లేదు, చెయ్యెత్తు. ఏం అడగాలనుకున్నావు? ... సరిగ్గా వినపడని వాళ్ళకి చెప్తున్నాను. ఈ అమ్మాయి అంటోంది, 'రెండు క్రేట్లు పెట్టమంటారు బాగానే ఉంది, మాకు కిలో లెక్కన డబ్బులు, వేరుచెయ్యడానికి పట్టే టైము ఎవరిస్తారు' అని.

నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను నేను అడుక్కోలేదమ్మా, సిగ్గుగా ఉంది. తలకాయ ఒక వైపు, పొట్టు ఒక వైపు వెయ్యడానికి చెయ్యి రెండు వైపులా తిరగాలి. రోజుకి వేల రొయ్యలు. పొట్టు ముల్లు గుచ్చుకుని వేళ్ళు పాసిపోతాయి, ఐసు నీళ్ళకి తిమ్మిరెక్కుతాయి. దాని మీద ఇంకో పని. తీసిన రొయ్య మాంసానికి తూకం ఉన్నట్టే, విడిగా పెట్టిన పొట్టుకీ తూకం ఉండాలి. కిలోకి ఇంత అని అదే కూలి చీటీలో రాయాలి. పొట్టు కొనేవాడు ప్లాంటుకి డబ్బిస్తే అందులో బల్ల దగ్గర నిలబడ్డ మనిషి వాటా ఎంత అన్నది ముందే తేలాలి. ఇక్కడ ప్లాంట్లవాళ్ళు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక ఈ అమ్మాయితో మాట్లాడండి, నాతో కాదు.

ఇక గ్లాసులు. ముందు వరసవాళ్ళు లేచి రండి. మొదటిది, ఏమీ వెయ్యనిది, ఇంకా ఎర్రగానే ఉంది. చిల్లగింజది సగం పైగా తేరింది, అడుగున మెత్తటి మట్టి పొర. మూడోది చూడండి, అయిదు చుక్కలది. అవతలి వైపు పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. మట్టి రేణువుల మీద రుణ విద్యుత్తు ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. కైటోసాన్ దండకి ధన విద్యుత్తు. ఒక్కో దండ పది రేణువుల్ని పట్టుకుని ముద్ద చేసి కిందికి దింపేసింది.

నాలుగోది మన తొమ్మిదో క్లాసు బాబుది. సగం సీసా పోశాడు, అందరికంటే శుభ్రంగా ఉండాలి కదా. లేదు. మొదటి గ్లాసంత మురికిగా ఉంది. ఎక్కువైపోతే ప్రతి రేణువుకీ ధన విద్యుత్తు తొడుగు పడుతుంది, మళ్ళీ తోసుకోవడం మొదలు. తప్పు నీది కాదు బాబూ, నేనే పొయ్యమన్నాను. ఆ మూడో గ్లాసు నీళ్ళు మాత్రం ఎవరూ తాగకండి, అడుగున మా పెరటి మట్టి ఉంది.